కొండను భాగాలుగా చదివి పశువులను మేపడం: ఉత్తరాంధ్ర రాతికొండల మేత భూములకు సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరి వెనక ఒక కొండ, ఆ కొండ మీద ఊరి పశువులు అన్నది చాలా గ్రామాల్లో ఇప్పటికీ నడుస్తున్న ఏర్పాటు. టెక్కలి, మెళియాపుట్టి, మందస వైపు అయినా, మెంటాడ, గజపతినగరం వైపు అయినా పొలాల్లో వరి ఉన్నన్నాళ్లూ మందకు కొండే దిక్కు. ఆ కొండను ఇన్ని ఎకరాల మేత భూమి అని కాగితాల్లో రాసుకుంటారు గాని, గడ్డి మాత్రం రాతి మీద ఎంత మట్టి నిలిచింది, ఆ మట్టిలో ఎన్నాళ్లు తడి ఆగుతుంది అన్నదాన్ని బట్టి మొలుస్తుంది. గ్రానైటు జాతి రాళ్ల కొండల్లో ఈ రెండూ ఇరవై అడుగుల దూరంలోనే మారిపోతాయి. అందుచేత కొండ మొత్తాన్ని ఒకే మేత భూమిగా చూసి మందను వదిలితే, పలచటి నేల ఉన్న పై భాగం ముందు పాడవుతుంది, అక్కడ కొట్టుకుపోయిన ఇసుక వచ్చి కింది మంచి నేలను కప్పేస్తుంది. ఈ వ్యాసంలో కొండను భాగాలుగా ఎలా గుర్తించాలో, ఒక్కో భాగంలో నేలను ఎలా పరీక్షించాలో, ఆ తరువాత ఏ భాగాన్ని ఏ నెలలో ఎంత మేపాలో వరుసగా వివరిస్తాను. దీనికి ఒక గునపం, బొరిగి, టేపు, సుత్తి, చిన్న త్రాసు ఉంటే చాలు.

మొదట రాయిని గుర్తించాలి

ఈ రెండు జిల్లాల కొండలన్నీ గ్రానైటు కొండలు కావు. తూర్పు కనుమల ఈ భాగంలో ఖోండలైటు, చార్నకైటు, గ్రానైటు, గ్రానైటు జాతి నైస్ శిలలు కలగలిసి ఉంటాయి, ఒకే కొండకు ఒక పక్క ఒక రాయి, మరో పక్క మరో రాయి ఉండడం కూడా మామూలే. ఎండకూ వానకూ మాగిన పైపొరను చూసి రాయిని గుర్తించడం కష్టం కాబట్టి, సుత్తితో కొట్టి లోపలి తాజా ముఖాన్ని చూడాలి. తెలుపు, బూడిద లేదా లేత గులాబి రంగులో, గాజుముక్కల్లా మెరిసే పలుగురాయి గింజలు, చదునైన ముఖాలతో పాలరంగు ఫెల్‌స్పార్, నల్లటి అభ్రకపు రేకులు విడివిడిగా కనిపిస్తే అది గ్రానైటు. అవే ఖనిజాలు నల్లని, తెల్లని చారలుగా పేరుకుని ఉంటే నైస్. గోధుమ ఎరుపు రంగులో, దానిమ్మగింజ రంగు గార్నెట్ చుక్కలతో, పొరలు పొరలుగా ఉంటే ఖోండలైటు. నూనె రాసినట్టు నల్లగా, కాస్త ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో గట్టిగా ఉంటే చార్నకైటు.

ఈ తేడాతో పశువుల కాపరికి పనేమిటి అనుకోకూడదు. ఖోండలైటు లోతుగా, మెత్తగా కుళ్లి ఎర్రటి బంకమన్ను కలిసిన నేలను ఇస్తుంది. గ్రానైటులో ఫెల్‌స్పార్ బంకమన్నుగా మారినా, పలుగురాయి మాత్రం మారకుండా ఇసుకగానే మిగులుతుంది. వాలు మీద వాన నీరు సన్నటి బంకమన్నును కిందికి తీసుకుపోయి, ముతక ఇసుకను పైన వదిలేస్తుంది. గ్రానైటు కొండ మీద పై నుంచి కిందికి నేల మారే తీరుకు మూలమంతా ఈ ఒక్క పనిలోనే ఉంది. ఇక ముందు చెప్పేదంతా గ్రానైటు, నైస్ కొండలకు వర్తిస్తుంది. మీ కొండ ఖోండలైటు అయితే పై భాగంలో కూడా ఇంతకన్నా లోతైన నేల దొరుకుతుందని ఆశించవచ్చు.

కొండను భాగాలుగా గీసుకోవాలి

కొండకు ఎదురుగా, దూరంగా, మొత్తం కనిపించే చోట నిలబడి ఒక కాగితం మీద దాని పక్కచూపు బొమ్మ గీయాలి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ వాలు మారే చోట్లు బాగా తెలుస్తాయి. సాధారణంగా ఐదు భాగాలు కనిపిస్తాయి.

అన్నిటికన్నా పైన మట్టి లేని బోడి రాతి గుండు ఉంటుంది. గ్రానైటు గుండు ఉల్లిపొరల్లా పైపైన పలకలుగా ఊడుతుంది. ఊడబోయే పలకను సుత్తితో తడితే బోలుగా మోగుతుంది, గట్టి రాయి అయితే ఖణీమంటుంది. బోలుగా మోగే పలకల కింద మేకలు నీడకు చేరే అలవాటు ఉంటుంది కనుక, అలాంటి చోట్లను గుర్తుపెట్టుకుని మందను దూరంగా ఉంచడం మంచిది. ఈ గుండు మీద చిన్న చిన్న గుంతల్లో, పగుళ్లలో వేలెడు మందాన నల్లటి మట్టి పేరుకుని, అందులో పీచుగడ్డి మొలుస్తుంది. అది మేతకు లెక్కలోకి రాదు.

దాని కింద బండరాళ్లు గుట్టలుగా పడి ఉన్న చోటు. భూమి లోపల పగుళ్ల వెంబడి నీరు దిగి, రాయి అంచులు కుళ్లి, నడిమి గట్టి భాగాలు గుండ్రాళ్లుగా మిగిలి, చుట్టూ ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోతే ఈ గుట్టలు తేలుతాయి. రాళ్ల సందుల్లో మట్టి లోతుగానే ఉంటుంది గాని, అది చెట్లకే గాని గడ్డికి పెద్దగా అందదు. ఇక్కడ మేకలు ఆకు మేస్తాయి, ఆవులు కాళ్లు విరగ్గొట్టుకుంటాయి.

ఆ తరువాత పైవాలు, నడివాలు, చివరకు కొండ పాదం వస్తాయి. పాదం దాటితే గరువు (మెట్ట) భూములు, ఆ తరువాత పల్లం, గెడ్డ (వాగు). పైవాలుకూ నడివాలుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది కంటితో తేలదు, అందుకు గుంతలు తవ్వాలి. వాలు కొలవడానికి పది మీటర్ల తాడును వాలు దిగువకు సమతలంగా పట్టి, దిగువ కొసన తాడు నేలకు ఎంత ఎత్తున ఉందో కొలిస్తే సరిపోతుంది. ఎత్తు 1 మీటరు అయితే వాలు 10 శాతం. 30 శాతం మించిన వాలును ఆవుల మేతకు లెక్కించవద్దు.

గుంతలు తవ్వి నేలను చదవాలి

ఈ పని మీద కేటాయించిన సమయం ఎప్పుడూ వృథా కాదు, మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలుస్తాయి. కొండ తల నుంచి పాదం వరకు తిన్నగా ఒక గీత ఊహించుకుని, దాని వెంబడి 40, 50 అడుగులకు ఒకటి చొప్పున, గునపం దిగినంత లోతు, మోచేతి వెడల్పున గుంతలు తీయాలి. నేల మెత్తగా ఉండే సెప్టెంబరు, అక్టోబరు నెలలు దీనికి అనువైనవి. ఒక్కో గుంతలో నాలుగు విషయాలు రాసుకోవాలి: మట్టి లోతు, అందులో గులక ఎంత, మట్టి మెదుపుదల, రంగు.

లోతు అంటే మొరం తగిలే వరకు ఉన్న మందం. మొరం అన్నది కుళ్లిన రాయి. చూడటానికి రాయిలాగే ఉండి, చేత్తో నలిపితే ముతక ఇసుకగా, తెల్లటి పిండిగా విడిపోతుంది. దాని మీద వేళ్లు పరుచుకుంటాయి గాని లోపలికి పెద్దగా దిగవు. గులక ఎంతో తెలియాలంటే తీసిన మట్టిని ముతక జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్లను, కిందపడిన మట్టిని విడివిడిగా తట్టల్లో పోసి పోల్చాలి. మెదుపుదల కోసం ఒక పిడికెడు మట్టిని నీటితో తడిపి, ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలు మీద రిబ్బనులా నొక్కాలి. రిబ్బను రాకుండా విరిగిపోతే ఇసుక నేల; 2.5 సెం.మీ. లోపు వచ్చి తెగితే గరప నేల, 5 సెం.మీ. దాటి సాగితే బంక నేల.

పైవాలు మీద తీసిన గుంతలో సాధారణంగా కనిపించేది ఇది: పైన రెండు వేళ్ల మందం బూడిద గోధుమ రంగు ముతక ఇసుక, దాని కింద ఎర్రటి గరప, మధ్య మధ్య పలుగురాయి ముక్కలు, జానెడు లోతులోనే మొరం. వేళ్లు అన్నీ ఆ జానెడులోనే చాపలా అల్లుకుని ఉంటాయి. నడివాలులో ఎరుపు ముదురుతుంది, లోతు రెండు మూడు జానలకు పెరుగుతుంది, కిందికి పోయేకొద్దీ రిబ్బను పొడవు పెరుగుతుంది. చెదపుట్టలు ఎక్కువగా ఉన్న చోట లోతు ఉన్నట్టే. చెదలు కింది బంకమన్నును పైకి తెచ్చి పుట్ట కడతాయి కనుక, పాత పుట్ట చుట్టూ గడ్డి వత్తుగా ఉంటుంది. పాదం దగ్గరకు వచ్చేసరికి రంగు మారుతుంది. పైన బూడిద రంగు మెత్తటి నేల, మోచేతి లోతులో బూడిద రంగు బంకమన్ను, ఆ బంకమన్నులో తుప్పు మరకల్లాంటి నారింజ చుక్కలు. ఈ చుక్కలు కనిపించాయంటే ఏటా కొన్ని వారాలైనా ఆ లోతున నీరు నిలుస్తుందని అర్థం. ఇంకా దిగువన తెల్లటి సున్నపు గులకలు, పైన గట్టిపడిన పెచ్చు ఉంటే అక్కడ చౌడు మొదలవుతోందని అనుకోవాలి.

ఇప్పుడు ఈ కొలతలకు అర్థమేమిటో లెక్క వేసి చూద్దాం. ముతక ఇసుక కలిసిన గరప నేల ఒక్కో సెంటీమీటరు లోతుకు సుమారు 1 మి.మీ. నీటిని మాత్రమే గడ్డి వేళ్లకు అందేలా పట్టి ఉంచగలదు. పైవాలులో 20 సెం.మీ. లోతు ఉండి, అందులో మూడో వంతు గులక అయితే అసలు మట్టి 13 సెం.మీ., అంటే 13 మి.మీ. నీరు. వాన వెలిసిన తరువాత గడ్డి, ఎండ కలిసి రోజుకు 4 మి.మీ. తీసుకున్నా ఆ నీరు మూడు రోజులకు అయిపోతుంది. పాదం దగ్గర 80 సెం.మీ. లోతు, సెంటీమీటరుకు 1.5 మి.మీ. చొప్పున పట్టే నేల ఉంటే 120 మి.మీ. నిల్వ, అంటే అదే గడ్డికి నెల రోజుల తడి. వానల మధ్య పది రోజుల విరామం వస్తే పైవాలు గడ్డి వారం రోజులు ఎదగకుండా ఉంటుంది, పాదం గడ్డికి ఆ విరామం తెలియనే తెలియదు. ఒకే వాన, ఒకే మంద, ఒకే జాతి గడ్డి ఉన్నా రెండు భాగాలు సమానంగా మేతకు ఎందుకు తట్టుకోవో ఈ లెక్క చెబుతుంది. సంవత్సరానికి 1,000 మి.మీ.కు పైగా వాన పడే జిల్లాల్లో కొండ మీద గడ్డి ఎందుకు పలచబడుతోందని అడిగేవారికి నేను ముందు చూపించేది ఈ జానెడు లోతు గుంతనే.

గుంతలన్నీ పూర్తయ్యాక 30 సెం.మీ. కన్నా తక్కువ లోతున్న చోటంతా పైవాలుగా, 30 నుంచి 60 వరకు నడివాలుగా, అంతకు మించినది, చుక్కలు కనిపించినది పాదంగా బొమ్మ మీద గీత గీయండి. తవ్విన గుంతలను రాసుకోవడం అయిన వెంటనే పూడ్చేయాలి, పశువు కాలు పడితే విరుగుతుంది.

నీరు ఎటు పోతుందో చూడాలి

గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని కొండ పాదాన గంటసేపు నిలబడితే తెలిసేది ఏ పటంలోనూ దొరకదు. పిడుగులు పడే వేళ మాత్రం బోడి రాతి మీదకు, ఒంటరి చెట్ల కిందకు వెళ్లవద్దు. వెయ్యి చదరపు మీటర్ల బోడి గుండు మీద 20 మి.మీ. వాన పడితే 20,000 లీటర్ల నీరు. అందులో ఎక్కువ భాగం రాయి మీద ఇంకకుండా గుండు అంచుకు జారిపోతుంది. అందుకే గుండు చుట్టూ పట్టీలా ఒక సన్నటి పచ్చటి అంచు ఉంటుంది, అదే నీరు ఒకే చోట దిగితే అక్కడి నుంచే కోత కాలువ మొదలవుతుంది. నీరు ఎక్కడెక్కడ దిగుతోందో బొమ్మ మీద బాణం గుర్తులు వేసుకోండి.

వానలు ఆగిన రెండు వారాలకు, నవంబరు చివర్లో, మళ్లీ పాదం వెంబడి నడవాలి. పైన మొరంలోకి ఇంకిన నీరు కింద గట్టి రాయి మీదుగా జారి, వాలు తగ్గే చోట ఊటగా బయటకు వస్తుంది. అక్కడ నేల కాలికి మెత్తగా తగులుతుంది, తుంగ వత్తుగా ఉంటుంది, రెల్లు కూడా కనిపించవచ్చు. ఆ ఊట గీతను బొమ్మ మీద వేరే రంగుతో గీయాలి. ఎండాకాలంలో మందకు పచ్చిమేత ఇచ్చేది అదే, జబ్బు తెచ్చేదీ అదే. దాని సంగతి తరువాత చెబుతాను.

గడ్డినీ పశువుల జాడనూ చూడాలి

నేల చెప్పినది గడ్డి కూడా చెబుతోందా అని సరిచూసుకోవడానికి ఈ అడుగు. గడ్డి దుబ్బు దగ్గర కూర్చుని, దాని మొదలు చుట్టుపక్కల నేలకు సమంగా ఉందా, లేక చిన్న మట్టి దిమ్మె మీద నిలబడి ఉందా గమనించండి. దిమ్మె మీద ఉంటే దుబ్బుల మధ్య మట్టి కొట్టుకుపోయిందన్నమాట. దిమ్మె ఎత్తు రెండు వేళ్లు ఉంటే, పైవాలులో ఉన్న మొత్తం జానెడు మట్టిలో రెండు వేళ్లు పోయినట్టే. దుబ్బుల నడుమ ముతక పలుగు ఇసుక మాత్రమే మిగిలి, అది గెడ్డ ఇసుకలా శుభ్రంగా మెరుస్తూ ఉంటే కోత ఇప్పటికీ సాగుతోందని గుర్తు.

పశువు ముట్టని మొక్కలు మిగిలిపోయి పెరగడం రెండో గుర్తు. తంగేడు, వెంపలి, సీతాఫలం, లాంటానా విస్తరిస్తున్నాయంటే తినదగిన గడ్డిని మంద అతిగా కొరికేసిందని అర్థం చేసుకోవాలి. వీటిలో లాంటానా ఒక్కటి నిజంగా ప్రమాదకరం. మేత లేక దాని ఆకు తిన్న పశువుకు కామెర్లు వస్తాయి, ఎండ తగిలిన చోట, ముఖ్యంగా తెల్ల చర్మం మీద, పుండ్లు పడతాయి. వానల మొదట్లో నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకడమే దారి, నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. పీకిన చోటును బోడిగా వదలకుండా గడ్డి విత్తనం చల్లాలి.

మూడోది పశువుల బాటలు. వాలుకు అడ్డంగా నడిచే బాటలు పెద్దగా హాని చేయవు. తిన్నగా పైనుంచి కిందికి దిగే బాట రెండు వానాకాలాల్లో కోత కాలువ అవుతుంది.

మట్టి పరీక్ష, ఖనిజ లోపం

పొలం మట్టిని పరీక్షకు పంపేవారు కూడా కొండ మట్టిని పంపరు. పైవాలు, నడివాలు, పాదం మూడింటికీ వేరు వేరుగా, ఒక్కో దాంట్లో ఎనిమిది పది చోట్ల 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో చొప్పున సంచుల్లో కట్టి, రైతు సేవా కేంద్రం ద్వారా గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించి గాని పరీక్ష చేయించుకోవచ్చు. 2015లో మొదలైన భూసార కార్డులో ఉండే 12 అంశాల్లో మేత భూమికి ముఖ్యమైనవి సేంద్రియ కర్బనం, భాస్వరం, గంధకం, జింకు, ఉదజని సూచిక (పీహెచ్). సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే నేల బీదదే. ఆమ్ల నేల అయితే భాస్వరాన్ని ఆ నేలకు తగిన పద్ధతిలో చూశారో లేదో అడగాలి.

గ్రానైటు నేలల్లో భాస్వరం తక్కువగా ఉండడం మామూలు. మట్టిలో లేనిది గడ్డిలో ఉండదు, గడ్డిలో లేనిది పశువుకు అందదు. ఆవులు పాత ఎముకలు, గుడ్డ పీలికలు, మట్టి నములుతుంటే అది పాడు అలవాటు కాదు, భాస్వరం కోసం పడే తపన. కళేబరాల ఎముకలు నమిలితే బొటులిజం అనే విషదోషంతో పశువు చచ్చిపోయే ప్రమాదం ఉంది కనుక, కొండ మీద ఎముకలు కనబడితే ఏరి లోతుగా పాతిపెట్టాలి, పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల లెక్కన ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి.

ఇక్కడ ఎక్కువమంది గమనించని ఒక సంగతి ఉంది. పశువు పగలు కొండ మీద మేసి, రాత్రి దొడ్లో పేడ వేస్తుంది, ఆ గత్తం పొలానికి పోతుంది. అంటే తరతరాలుగా కొండ భాస్వరాన్ని మనం మనకు తెలియకుండానే పల్లంలో పోస్తున్నాం. పొలానికి అది మేలే, కొండకు మాత్రం తిరిగి వచ్చేది లేదు. ఏడాదిలో కొన్ని రాత్రులైనా నడివాలులో, నీటి దారికి దూరంగా, గొర్రెల మంద కట్టి, రెండు మూడు రాత్రులకోసారి చోటు మారిస్తే ఆ బాకీ కొంత తీరుతుంది. ఇది ఖర్చు లేని పని, నా దృష్టిలో సంచి ఎరువు కన్నా ముందు చేయవలసిన పని.

గడ్డిని తూచి పశువుల సంఖ్య లెక్కించాలి

సెప్టెంబరు చివర, గడ్డి వెన్ను తీసే వేళ, ఒక్కో భాగంలో ఐదు చోట్ల ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చట్రం వేసి, అందులోని తినదగిన గడ్డిని నేలకు రెండంగుళాల ఎత్తున కొడవలితో కోసి, బాగా ఎండబెట్టి తూచాలి. బాగున్న చోట్లే ఎంచుకునే మనసు పుడుతుంది కాబట్టి, చట్రాన్ని వెనక్కి విసిరి పడిన చోట కోయడం నయం. చదరపు మీటరుకు సగటు గ్రాములను 4తో గుణిస్తే ఎకరానికి కిలోలు వస్తాయి.

ఉదాహరణకు పైవాలులో సగటు 120 గ్రాములు అయితే ఎకరానికి సుమారు 480 కిలోల ఎండుగడ్డి. అందులో మూడో వంతుకు మించి తీయకూడదు, మిగతాది నేలను కప్పి వేళ్లను బతికించాలి. అంటే 160 కిలోలు. 250 కిలోల బరువున్న నాటు ఆవుకు రోజుకు దాదాపు 6 కిలోల ఎండుమేత కావాలి. అంటే ఆ ఎకరం ఒక ఆవుకు 26 రోజులే సరిపోతుంది. పాదంలో 300 గ్రాములు వస్తే ఎకరానికి 1,200 కిలోలు, అక్కడ సగం తీసుకోవచ్చు కనుక ఒక ఆవుకు 100 రోజులు. ఐదు గొర్రెలను గాని మేకలను గాని ఒక ఆవుకు సమానంగా లెక్కించండి. పది ఎకరాల పైవాలు ఉన్న ఊరిలో ఇరవై ఆవుల మంద దాన్ని పదమూడు రోజుల్లో వాడుకోగలదు, అంతే. ఆ కొండ మీద మంద అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరుగుతుంటే గడ్డి మొదళ్లతో సహా పోవడంలో ఆశ్చర్యం లేదు.

ఏ భాగాన్ని ఎప్పుడు మేపాలి

అసలు చిక్కు జూన్, జూలైలలో ఉంది. పొలాల్లో నారుమళ్లు పోస్తారు, గట్ల మీద కూడా పశువును రానివ్వరు, మంద కొండ ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే కొండ గడ్డి వేరులో దాచుకున్న బలంతో కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురును కొరికితే దుబ్బు వేసవి అంతా దాచిపెట్టుకున్నది పోతుంది. అందుకని మొదటి మంచి వాన పడిన తరువాత కనీసం ఐదారు వారాలు పైవాలును పూర్తిగా మూసివేయాలి. ఆ వారాలకు సరిపడా వరిగడ్డిని గడ్డిమేటులో ముందే పక్కన పెట్టుకోవాలి, నడివాలును మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కను వారం పది రోజులు మేపి మార్చాలి.

ఆగస్టు చివరికి పైవాలు గడ్డి మోకాలెత్తుకు వస్తే, లెక్క ప్రకారం వచ్చిన రోజులకే తెరవవచ్చు. నడివాలు మూడు ముక్కల్లో ఒకదాన్ని ఏటా మార్చి మార్చి, విత్తనం రాలే వరకు, అంటే నవంబరు దాకా, ముట్టకుండా వదలాలి. అక్టోబరు తుపాన్లను కూడా లెక్కలో ఉంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చినప్పటి వానల్లాంటివి పడితే, అప్పటికే బోడిగా మేసిన పైవాలు మీద మట్టి ఆగదు. కనుక అక్టోబరు మొదటికి పైవాలు మీద బెత్తెడు ఎత్తు గడ్డి అయినా నిలిచి ఉండాలన్నది గట్టి నియమంగా పెట్టుకోండి.

వరి కోతల తరువాత మంద కొయ్యకాళ్లలోకి దిగుతుంది, అపరాలు చల్లని పొలాలు అందుకు ఉపయోగపడతాయి. జనవరి నుంచి పాదం గడ్డిని వంతులవారీగా వాడుకోవాలి. కాని ఊట గీతలోని నీరు నిలిచే చోట నత్తలు ఉంటాయి, ఆ నత్తల నుంచి వచ్చే కార్జపు జలగల పిల్లలు గడ్డి పోచలకు అంటుకుని ఉంటాయి. గొర్రెలకు, మేకలకు అది ప్రాణాంతకం. నీరు ఉన్నంత వరకు ఆ చోటును కంపతో మూసి, నీటిని గొట్టం ద్వారా దూరంగా ఉన్న తొట్టికి మళ్లించి తాగించడం, వానలకు ముందూ తరువాతా పశువైద్యుల సలహాతో నట్టల మందు తాగించడం తప్పనిసరి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కొత్త చిగురు కోసమని కొండకు నిప్పు పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. చిగురు వస్తుంది, నిజమే. కాని కాలిన గడ్డిలోని నత్రజని గాలిలో కలుస్తుంది, కప్పు లేని ముతక నేల మే నెల గాలివానకు కదిలిపోతుంది. జానెడు మట్టి మాత్రమే ఉన్న పైవాలుకు నిప్పు తగలనివ్వకూడదు. నడివాలుకూ పైవాలుకూ మధ్య డిసెంబరులోనే నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఊడ్చి, నిప్పు దాటకుండా అంచు కట్టాలి.

దెబ్బతిన్న చోట్లను బాగుచేయడం

కందకాలు తవ్వితే కొండ బాగుపడుతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. 45 సెం.మీ.కు పైగా మట్టి ఉన్న నడివాలులో, సమతల రేఖ వెంబడి, ఒక వరుసకూ మరో వరుసకూ ఎడం మార్చి తవ్వితే కందకాలు మంచివే. పైవాలులో తవ్వితే మాత్రం ఉన్న జానెడు మట్టిని మనమే తవ్వి మొరాన్ని బయట పెట్టినట్టవుతుంది, కందకం నిండి పొంగిన చోట కొత్త కోత మొదలవుతుంది. అక్కడ చేయవలసింది ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారపు కర్ర చట్రానికి లంబసూత్రం (దారానికి వేలాడే బరువు) కట్టి, దానితో సమతల రేఖ గుర్తించి, ఆ రేఖ వెంబడి అక్కడే దొరికే రాళ్లను మోకాలి కన్నా తక్కువ ఎత్తున పేర్చడం. పెద్ద రాళ్లు కింద, చిన్నవి ఎగువ వైపు ఉండాలి. నీరు రాళ్ల సందుల్లోంచి పోతుంది, మట్టి వెనక ఆగుతుంది, ఆగిన మట్టిలో గడ్డి తనంతట తానే వస్తుంది. గుండు అంచున బాణం గుర్తులు పెట్టిన చోట్ల నుంచి ఈ పని మొదలుపెట్టాలి. కోత కాలువను అడుగు నుంచి కాకుండా తల నుంచి సరిచేయాలి, తలలోకి దిగే నీటిని చెదరగొట్టకుండా కింద ఎన్ని అడ్డుకట్టలు వేసినా పైకి పాకుతూనే ఉంటుంది. తిన్నగా దిగే పశువుల బాటలకు ముళ్లకంప అడ్డం వేసి, ఉప్పు, ఖనిజ దిమ్మలను గట్టి నేల ఉన్న చోటుకు మారిస్తే మంద దారి కూడా మారుతుంది.

నడివాలులో గడ్డి పలచబడిన చోట స్టైలో చల్లడం మంచి పెట్టుబడి. భాస్వరం తక్కువ ఉన్న ఎర్ర గులక నేలల్లో కూడా నిలిచే పప్పుజాతి పశుగ్రాసం అది, నత్రజనిని తానే కూడగట్టుకుంటుంది. విత్తనం పైపెంకు గట్టిది కనుక, నీటిని సుమారు 80 డిగ్రీల వేడికి తెచ్చి, పొయ్యి మీద నుంచి దించి, విత్తనాన్ని గుడ్డలో కట్టి నాలుగు నిమిషాలు ముంచి, వెంటనే చల్లటి నీటిలో వేసి, ఆరబెట్టి చల్లాలి. ఎకరాకు 2 నుంచి 4 కిలోల విత్తనం, పొడి ఇసుకలో కలిపి, రెండో మంచి వాన తరువాత గొర్రుతో గాని ముళ్లకొమ్మతో గాని గీసిన నేల మీద చల్లితే సరిపోతుంది. విత్తనం చాలా సన్నది కాబట్టి లోతుగా పూడ్చకూడదు. మొదటి ఏడాది ఆ ముక్కను పూర్తిగా మూసివేసి, విత్తనం రాలనివ్వాలి. మేక ముందు దాని కొనలనే వెతుక్కుంటుంది కనుక కంప గట్టిగా ఉండాలి.

కందకమైనా, కంప అయినా వేసే ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోవాలి. మేత పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానంతో, ఉపాధి హామీ పనుల్లో రాళ్ల కట్టలను చేర్చమని అడగవచ్చు. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా తవ్వడానికి వీల్లేదు. అర్హత ఉన్న గ్రామాలు 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) కింద మేత హక్కును సామూహిక హక్కుగా గ్రామసభ ద్వారా కోరవచ్చు, ఆ దరఖాస్తుకు మీరు గీసిన కొండ బొమ్మ, ఏ భాగాన్ని ఏ నెలలో మేపుతున్నారో చూపే పట్టిక జత చేస్తే మీ వాడకం ఎటువంటిదో చదివేవారికి స్పష్టంగా తెలుస్తుంది. మేపు క్రమాన్ని మందలున్న ఇళ్లవాళ్లందరూ, ముఖ్యంగా రోజూ కొండ ఎక్కే కాపరులు, కలిసి కూర్చుని ఒప్పుకోవాలి. మూసిన ముక్కలోకి ఒక్క మంద వెళ్లినా మిగతావి ఆగవు. రెండేళ్లకోసారి అవే చోట్లకు పక్కన కొత్త గుంతలు తీసి, లోతు, దిమ్మెల ఎత్తు, చట్రంలోని గడ్డి తూకం పాత కాగితం పక్కనే రాసుకోండి. పైవాలులో తూకం పెరగకపోయినా దిమ్మెల ఎత్తు పెరగడం ఆగితే, క్రమం పనిచేస్తోందని నమ్మి ఇంకో రెండేళ్లు అదే మేపు కొనసాగించాలి. తూకం పెరిగిన తరువాతే ఆవుల రోజులను ఆ మేరకు పెంచాలి.